ఆల్టర్నేటర్ మార్చే ముందు మీటరు పట్టండి

ప్రశ్న: మా పెట్రోలు కారు వయసు ఇరవై ఏళ్లు దాటింది. కొన్ని నెలలుగా బ్యాటరీ దిగిపోతోంది. పాతది తీసేసి కొత్త బ్యాటరీ వేయించాను. అయినా రెండు రోజులు బండి తీయకపోతే మూడో రోజు పొద్దున సెల్ఫ్ తిరగడం లేదు. రాత్రిపూట కారు ఎక్కడైనా ఆగితే హెడ్‌లైట్ల వెలుతురు తగ్గుతోంది, ఆక్సిలరేటర్ తొక్కితే మళ్లీ పెరుగుతోంది. డ్యాష్‌బోర్డులో బ్యాటరీ గుర్తున్న ఎర్రదీపం చాలా మసకగా వెలుగుతూ ఉంటుంది, పగలు అది కనిపించదు. ఒక మెకానిక్ ఆల్టర్నేటర్ మార్చాల్సిందే అన్నారు. ఇంకొకరు ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు ఊడదీసి చూస్తే తెలిసిపోతుంది అంటున్నారు. నా దగ్గర మామూలు డిజిటల్ మల్టీమీటర్ ఉంది కానీ కారు మీద ఎప్పుడూ వాడలేదు. త్వరలో దూరప్రయాణం కూడా ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం: ముందుగా ఆ రెండో సలహా సంగతి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు ఎట్టి పరిస్థితుల్లోనూ తీయకండి, ఎవరినీ తీయనివ్వకండి. ఇంజన్ బెల్టుతో తిరుగుతూ కరెంటు పుట్టించేది ఆల్టర్నేటర్. అది పంపే కరెంటులో ఎగుడుదిగుళ్లను సర్దేది బ్యాటరీయే. బ్యాటరీ ఒక్కసారిగా తెగిపోతే, వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్ తేరుకునేలోపు వైరింగ్‌లో వోల్టేజీ ఎగసిపడుతుంది. క్షణంలో చిన్న భాగమే అయినా 80, 100 వోల్టుల దాకా పోవచ్చు. ఆల్టర్నేటర్‌లో డయోడ్లు (కరెంటును ఒకే దిశలో పోనిచ్చే భాగాలు), రెగ్యులేటర్, ఇంజన్ కంప్యూటర్, మ్యూజిక్ సిస్టమ్ వీటిలో ఏది పోతుందో చెప్పలేం. డైనమోలు ఉన్న రోజుల్లో, కారులో ఎలక్ట్రానిక్స్ అన్నవే లేనప్పుడు పుట్టిన పద్ధతి అది. పైగా ఇంజన్ ఆగకుండా నడిచినంత మాత్రాన ఛార్జింగ్ బాగున్నట్టు కాదు. 12 వోల్టులు ఇస్తున్న జబ్బు ఆల్టర్నేటర్‌తో కూడా ఇంజన్ నడుస్తూనే ఉంటుంది. ఆ పరీక్ష చెప్పేది ఏమీ లేదు, చెడగొట్టేది మాత్రం చాలా ఉంది.

ఇక మొదటి మెకానిక్ మాట. ఆయన అన్నది నిజం కావచ్చు. కానీ కొలవకుండా అన్నారు కాబట్టి ఇంకా ఒప్పుకోవద్దు. మీరు బ్యాటరీ కూడా కొలవకుండానే మార్చారు. లోపం వేరే చోట ఉంటే కొత్త బ్యాటరీ వేయడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే అవుతుంది. ఆల్టర్నేటర్ విషయంలోనూ అదే జరగకూడదని నా తాపత్రయం.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించింది ఆ మసక దీపం. మీ కారు కాలపు కార్లలో చాలావాటిలో ఆ దీపానికి ఒక వైపు ఇగ్నిషన్ స్విచ్ నుంచి కరెంటు వస్తుంది. రెండో వైపు ఆల్టర్నేటర్ మీద డి ప్లస్ అనో, ఎల్ అనో గుర్తున్న చిన్న టెర్మినల్‌కు కలుస్తుంది. తాళం తిప్పి ఇంకా ఇంజన్ స్టార్ట్ చేయనప్పుడు ఆల్టర్నేటర్ వైపు వోల్టేజీ ఉండదు, కాబట్టి దీపం బాగా వెలుగుతుంది. ఆ దీపం గుండా వెళ్లే కాస్త కరెంటే ఆల్టర్నేటర్ లోపల తిరిగే భాగమైన రోటర్‌ను అయస్కాంతంగా మార్చి పని మొదలుపెట్టిస్తుంది. ఇంజన్ అందుకున్నాక ఆల్టర్నేటర్ వైపు కూడా 14 వోల్టులకు చేరుతుంది. రెండు వైపులా సమానమయ్యేసరికి దీపం ఆరిపోతుంది. అంటే ఆ దీపం వెలగడానికి కారణం ఒక్కటే, రెండు కొసల మధ్య వోల్టేజీ తేడా. పూర్తిగా వెలిగితే తేడా పెద్దది, మసకగా వెలిగితే తేడా ఒకటి రెండు వోల్టులు.

ఆ చిన్న తేడా మూడు రకాలుగా రావచ్చు. ఆల్టర్నేటర్ లోపల ఒక డయోడ్ పాడై, డి ప్లస్ దగ్గర వోల్టేజీ సరిగా నిలవకపోవచ్చు. లేదా ఆల్టర్నేటర్ బాగానే ఉండి, దాని నుంచి బ్యాటరీకి వెళ్లే లావు వైరులో మధ్యలో వోల్టేజీ హరించుకుపోతూ ఉండవచ్చు. మూడోది, ఇగ్నిషన్ స్విచ్ లోపలి కాంటాక్టులు అరిగి, దీపానికి అటువైపు నుంచి రావాల్సిన వోల్టేజీ తగ్గి ఉండవచ్చు. మూడింట్లో ఆల్టర్నేటర్ దోషం ఒక్కటే.

రెండు రోజుల్లో దిగిపోవడం గురించి కూడా కాస్త లెక్క వేద్దాం. మీది 45 ఆంపియర్ అవర్ బ్యాటరీ అనుకుందాం, అంటే లెక్కకు ఒక ఆంపియర్ చొప్పున 45 గంటలు ఇవ్వగలది. నిండా ఉన్న బ్యాటరీ సెల్ఫ్ తిప్పలేని స్థితికి రావాలంటే సుమారు సగమైనా ఖర్చవాలి. 48 గంటల్లో అంత పోవాలంటే అర ఆంపియర్ నిరంతరం కారుతూ ఉండాలి. డిక్కీలోనో, గ్లవ్ బాక్సులోనో ఆరకుండా వెలుగుతున్న 5 వాట్ల బల్బు అంతకు దగ్గరగా, 0.4 ఆంపియర్ తాగుతుంది. అయితే మీ బ్యాటరీ అసలెప్పుడూ నిండడం లేదేమో! సగమే నిండిన బ్యాటరీకైతే ఇంతకన్నా చాలా తక్కువ లీకేజీ చాలు. కాబట్టి సరిగ్గా నిండడం లేదా, నిండింది కారిపోతోందా, లేక రెండూనా అన్నది తేల్చాలి. పాడైన డయోడ్ ఒక్కటి ఉన్నా చాలు, ఈ రెండు పనులూ చేయగలదు. పగలు ఛార్జింగ్ తగ్గిస్తుంది, రాత్రి బ్యాటరీ కరెంటును వెనక్కి జారవిడుస్తుంది. మీ మెకానిక్ అనుమానానికి బలం అక్కడే ఉంది.

పని మొదలుపెట్టే ముందు చేతి ఉంగరాలు, గడియారం తీసి పక్కన పెట్టండి. వదులు చేతులున్న చొక్కా వద్దు. హ్యాండ్ బ్రేకు వేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచండి. రేడియేటర్ ఫ్యాన్ కరెంటుతో నడిచేదైతే ఎప్పుడైనా దానంతట అదే తిరుగుతుంది, చేతులు దూరంగా ఉండాలి. ఛార్జి అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి దగ్గర్లో నిప్పు, నిప్పురవ్వ ఉండకూడదు.

మొదటి పని బ్యాటరీని బయటి ఛార్జర్‌తో రాత్రంతా నిండా ఛార్జి చేయడం. ఇది చేయకుండా తీసుకున్న కొలతలేవీ నమ్మదగ్గవి కావు. దిగిపోయిన బ్యాటరీ కరెంటును విపరీతంగా లాగుతుంది, దాంతో మంచి ఆల్టర్నేటర్ కూడా 13 వోల్టుల దగ్గర తడబడుతుంది. అసలు పూర్తిగా దిగిన బ్యాటరీని నింపే పని ఆల్టర్నేటర్‌కు అప్పగించడమే తప్పు. గంటల తరబడి పూర్తి బరువు మోస్తే డయోడ్లు వేడెక్కి కాలిపోతాయి. ఛార్జర్ తీశాక కొన్ని గంటలు ఆగి, మీటరును డీసీ 20 వోల్టుల రేంజిలో పెట్టి కొలవండి. 12.6 నుంచి 12.7 వస్తే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు. ఛార్జర్ తీసిన వెంటనే, లేదా కారు నడిపి ఆపిన వెంటనే చూస్తే 13 చూపిస్తుంది, అది పైపై ఛార్జి మాత్రమే. తొందరుంటే హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వెలిగించి ఆర్పి, కాసేపాగి చూడండి. నిండా ఛార్జి చేసినా 10.5 దగ్గరే నిలిచిపోతే ఒక సెల్ చచ్చిపోయినట్టు. కొత్త బ్యాటరీకి అలా కాదులే అనుకోవద్దు. పదే పదే పూర్తిగా దిగిపోతే కొత్తదైనా లోపలి ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి సత్తువ కోల్పోతుంది.

ఆ తర్వాత ఎవరినైనా సెల్ఫ్ కొట్టమని, మీరు మీటరు చూడండి. సాధారణ వాతావరణంలో ఇంజన్ తిరుగుతున్నంతసేపు 9.6 వోల్టుల కంటే కిందకు పోకూడదు. మంచి బ్యాటరీ 10 పైనే ఉంటుంది.

ఇదే సమయంలో ఇంకో చిన్న పరీక్ష చేయండి. మీటరు ప్రోబ్ (వైరు చివర ఉండే మొన) ఒకటి బ్యాటరీ సీసపు పోస్టు నడినెత్తిన గుచ్చి పట్టండి. రెండోది ఆ పోస్టును పట్టుకున్న క్లాంపు మీద పెట్టండి. రెంటికీ మధ్య దూరం గోరు వెడల్పు కూడా ఉండదు. సెల్ఫ్ కొట్టినప్పుడు అక్కడ దాదాపు సున్నా చూపించాలి. అర వోల్టు చూపించిందంటే, పైకి ఎంత శుభ్రంగా కనిపించినా పోస్టుకూ క్లాంపుకూ మధ్య పొర కట్టినట్టే. ప్లస్ దగ్గర ఒకసారి, మైనస్ దగ్గర ఒకసారి చూడండి. పొర ఉంటే క్లాంపు ఊడదీసి, లోపలి గుండ్రటి భాగాన్నీ పోస్టునూ ఎమరీ పేపరుతో మెరిసేదాకా రుద్ది బిగించండి. తీసేటప్పుడు ముందు మైనస్, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్, చివర మైనస్. ఈ వరస తప్పితే, స్పానర్ బాడీకి తగిలిన క్షణంలో పెద్ద మెరుపు వస్తుంది. బ్యాటరీ మార్చినవాళ్లు క్లాంపులు శుభ్రం చేయకుండా కొత్త పోస్టుల మీద అలాగే దించేయడం చాలా మామూలు.

బెల్టు సంగతి క్లుప్తంగా. ఇంజన్ ఆపి, పొడవైన భాగం మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కితే 10 మిల్లీమీటర్ల వరకు కుంగాలి. మీది వి ఆకారపు బెల్టు అయితే పుల్లీ గాడి అడుగు చూడండి. అడుగు తళతళలాడుతుంటే బెల్టు అరిగి కిందికి దిగిపోయిందని అర్థం. అది పక్క గోడలను పట్టుకొని తిరగాలి తప్ప అడుగున ఆనకూడదు. హెడ్‌లైట్లు వేయగానే కీచుమంటే జారుతున్నట్టే. వదులుగా ఉందని మరీ బిగించేస్తే ఆల్టర్నేటర్ బేరింగు పోతుంది. బెల్టు మీద ఆయిల్ మరకలుంటే ముందు ఆ కారుడు ఆపాలి, లేదంటే కొత్త బెల్టూ జారుతుంది.

ఇప్పుడు ఇంజన్ స్టార్ట్ చేసి, బ్యాటరీ పోస్టుల మీద వోల్టేజీ చూడండి. లైట్లేవీ లేకుండా ఇంజన్‌ను 2000 ఆర్‌పీఎం దగ్గర నిలిపితే 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. తర్వాత హెడ్‌లైట్లు, బ్లోయరు, వెనక అద్దం హీటరు ఉంటే అదీ వేసి అదే వేగంలో చూడండి. 13.5కు తగ్గకపోతే మంచిదే. 13 కంటే కిందికి జారితే ఛార్జింగ్ చాలడం లేదు. 15 దాటితే రెగ్యులేటర్ అదుపు తప్పింది. అలాంటి కార్లలో బ్యాటరీ నీళ్లు త్వరగా ఇంకిపోతాయి, కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది, బల్బులు తరచూ మాడిపోతాయి. ఇంజన్ ఐడిల్‌లో ఉండి, అన్నీ వేసినప్పుడు కొద్దిగా తగ్గడం పాత ఆల్టర్నేటర్లకు సహజమే. ఆ వేగంలో అవి తమ పూర్తి శక్తిలో కొంత భాగమే ఇవ్వగలవు. కాబట్టి మీ హెడ్‌లైట్లు కాస్త తగ్గడం ఒక్కటే అయితే నేను పెద్దగా పట్టించుకునేవాడిని కాదు. మసక దీపం తోడైంది కాబట్టే పట్టించుకుంటున్నాను.

ఈ కొలత రెండుసార్లు తీసుకోండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, అరగంట నడిపి వచ్చాక బోనెట్ కింద వేడి చేరినప్పుడు ఇంకోసారి. వేడిలో 0.1, 0.2 వోల్టులు తగ్గడం రెగ్యులేటర్ కావాలని చేసే పనే. కానీ చల్లగా ఉన్నప్పుడు 14.2 చూపించి, వేడెక్కాక 12.8కి పడిపోతే లోపల రోటర్‌కు కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగాయనో, రెగ్యులేటర్ వేడికి తేలిపోతోందనో అనుమానించాలి. కారును పొద్దున చల్లగా పరీక్షించి అంతా బాగుందని పంపేయడం వల్ల దొరక్కుండా పోయే లోపాలివి.

అసలైన పరీక్ష దీని తర్వాతిది. పాత కార్ల విషయంలో దీన్ని మించింది లేదని నా అభిప్రాయం, అయినా దీన్ని చేసేవాళ్లు చాలా తక్కువ. వైరు బాగుందో లేదో చాలామంది మీటరుతో ఓమ్స్ చూసి, సున్నా వచ్చింది కదా అని వదిలేస్తారు. పది పోగుల వైరులో తొమ్మిది తెగి ఒక్కటి మిగిలినా ఓమ్ మీటరు సున్నా దగ్గరే చూపిస్తుంది. ఆ ఒక్క పోగు గుండా 30 ఆంపియర్లు పోవాల్సి వచ్చినప్పుడు అసలు రంగు బయటపడుతుంది. ఒక జాయింటులో 0.05 ఓమ్ నిరోధం ఉందనుకోండి. మీ మీటరు ప్రోబ్ వైర్లకే అంతకంటే ఎక్కువ నిరోధం ఉంటుంది కాబట్టి అది కొలవలేదు. కానీ 30 ఆంపియర్ల దగ్గర అది 1.5 వోల్టులు మింగేస్తుంది. ఆల్టర్నేటర్ 14.2 పుట్టిస్తే బ్యాటరీకి 12.7 చేరుతుంది. రెగ్యులేటర్ ఆల్టర్నేటర్ లోపలే ఉండి అక్కడి వోల్టేజీనే చూసుకునే రకమైతే, తన దగ్గర 14.2 ఉంది కాబట్టి అంతా సవ్యంగా ఉందనుకుంటుంది. బ్యాటరీ మాత్రం ఎప్పటికీ నిండదు. డి ప్లస్‌కూ ఇగ్నిషన్ లైనుకూ మధ్య ఆ ఒకటిన్నర వోల్టు తేడాకు ఎర్రదీపం మసకగా వెలుగుతుంది. మీరు రాసిన లక్షణాలే ఇవి!

చేసే విధానం ఇది. ఇంజన్ 2000 ఆర్‌పీఎం, హెడ్‌లైట్లు, బ్లోయరు అన్నీ వేసి ఉంచండి. మీటరు డీసీ వోల్టుల్లో, మొదట 20 రేంజిలో, అంకె చిన్నదైతే 2 రేంజిలో. ఆల్టర్నేటర్ వెనక లావు వైరు బిగించిన బి ప్లస్ బోల్టు మీద ఒక ప్రోబ్, బ్యాటరీ ప్లస్ పోస్టు మీద మరొకటి. ఆ బోల్టు ఇంజన్ ఆపినా సరే ఎప్పుడూ బ్యాటరీతో కలిసే ఉంటుంది. స్పానరో, ప్రోబ్ మొనో దాన్నీ ఆల్టర్నేటర్ బాడీనీ ఒకేసారి తాకకుండా జాగ్రత్త పడండి. మీటరులో 0.2 వోల్టులు, పొడవాటి వైరైతే 0.3 వరకు ఫర్వాలేదు. అర వోల్టు దాటిందంటే ఆ దారిలో లోపం ఉన్నట్టే. అప్పుడు బ్యాటరీ మీది ప్రోబ్‌ను ఒక్కో మజిలీ వెనక్కి జరపండి. క్లాంపు, ఫ్యూజిబుల్ లింకు (ఆ లావు వైరు దారిలో ఉండే ఫ్యూజు ముక్క) ఇటు కొస, అటు కొస, తర్వాత వైరు చివర బోల్టుకు బిగించే లోహపు లగ్గు. ఎక్కడ అంకె హఠాత్తుగా తగ్గిందో, లోపం ఆ రెండు చోట్ల మధ్య దాక్కుంది. చాలాసార్లు అది లగ్గులో వైరు నొక్కిన చోట పచ్చగా చిలుము పట్టిన రాగి అవుతుంది. ఇన్సులేషన్ కాస్త వెనక్కి జరిపితే కనిపిస్తుంది.

మైనస్ వైపు కూడా అంతే శ్రద్ధగా చూడండి. ఒక ప్రోబ్ ఆల్టర్నేటర్ లోహపు ఒంటి మీద, రంగూ మురికీ లేని చోట గుచ్చండి. రెండోది బ్యాటరీ మైనస్ పోస్టు మీద. 0.1, మహా అయితే 0.2. ఎక్కువ వస్తే ఇంజన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ (మైనస్ దారి) పట్టీని చూడండి. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి కరెంటు తిరిగి వెళ్లడానికి ఆ పట్టీయే ఆధారం. ఇరవై ఏళ్ల నీరు, ఆయిల్, కంపనం దాని మీదే పనిచేశాయి. పట్టీ పూర్తిగా తెగితే కరెంటు ఆక్సిలరేటర్ కేబులో, క్లచ్ కేబులో దారి చేసుకుంటుంది. ఆ కేబుళ్లు కారణం లేకుండా వేడెక్కడం, గట్టిపడడం గమనిస్తే ఎర్త్ మీద మొదటి అనుమానం పెట్టుకోండి.

బ్యాటరీ దగ్గర 14.2 స్థిరంగా ఉండి, ఈ రెండు దారులూ బాగుండి, అయినా దీపం మసకగా వెలుగుతుంటే బ్యాటరీ ప్లస్‌కూ దీపానికి కరెంటిచ్చే ఫ్యూజుకూ మధ్య ఇలాగే కొలవండి. అక్కడ వోల్టు దాకా పోతుంటే ఇగ్నిషన్ స్విచ్ లేదా దాని కనెక్టరు మార్చితే దీపం ఆరిపోతుంది. ఆల్టర్నేటర్ జోలికే వెళ్లనక్కర్లేదు.

డయోడ్లకు మీ మీటరుతోనే ఓ మోస్తరు పరీక్ష ఉంది. ఆల్టర్నేటర్ పుట్టించేది ఏసీ, దాన్ని డీసీగా మార్చేవి డయోడ్లు. వాటిలో ఒకటి పోతే డీసీలో ఏసీ అలలు కలిసి వస్తాయి. ఇంజన్ నడుస్తుండగా, లైట్లు వేసి, మీటరును ఏసీ వోల్టులకు మార్చి బ్యాటరీ మీద పెట్టండి. 0.1 లోపు ఉంటే బాగున్నట్టు. 0.5 దాటితే డయోడ్ పోయిందని గట్టిగా అనుమానించవచ్చు. ఒక్క హెచ్చరిక. కొన్ని చవక మీటర్లు ఏసీ రేంజిలో డీసీని కూడా లెక్కలోకి తీసుకొని 28, 30 వంటి అర్థం లేని అంకెలు చూపిస్తాయి. అందుకే ముందు ఇంజన్ ఆపి ఉన్నప్పుడు ప్రోబ్‌లు అటూ ఇటూ మార్చి చూడండి. రెండు విధాలుగానూ సున్నా దగ్గర ఉంటేనే ఆ మీటరు ఈ పనికి పనికొస్తుంది.

ఇక రాత్రి లీకేజీ. ఇంజన్ ఆపి, తాళం తీసి, అన్ని తలుపులూ మూసి, బోనెట్ లైటు ఉంటే దాని బల్బు ఊడదీసి, బ్యాటరీ మైనస్ క్లాంపు విప్పండి. మీటరు ఎర్ర వైరును 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, ఒక ప్రోబ్ క్లాంపుకు, ఒకటి మైనస్ పోస్టుకు. ఇప్పుడు కారు తాగే కరెంటంతా మీటరు గుండానే పోతుంది. ఈ స్థితిలో సెల్ఫ్ కొట్టడం, హెడ్‌లైట్లు వేయడం చేయవద్దు, మీటరు ఫ్యూజు పోతుంది. అరగంట ఆగాక, గడియారం, రేడియో జ్ఞాపకం వంటివాటికి 0.02 నుంచి 0.05 ఆంపియర్ దాకా సహజం. అంతకు మించితే ఒక్కో ఫ్యూజు తీసి చూడండి. ఏది తీసినప్పుడు అంకె పడిపోతుందో దొంగ ఆ లైన్లో ఉన్నాడు. తర్వాత నుంచి అమర్చిన మ్యూజిక్ సిస్టమ్, అలారం, డిక్కీ లైటు స్విచ్ తరచుగా దొరికే దొంగలు. పని అయ్యాక ఎర్ర వైరును వెంటనే వోల్టుల రంధ్రంలోకి మార్చండి. మరిచిపోయి అలాగే బ్యాటరీ రెండు పోస్టుల మీద పెడితే నేరుగా షార్ట్ అవుతుంది.

ఫ్యూజులన్నీ తీసినా లీకేజీ అలాగే ఉంటే అప్పుడు ఆల్టర్నేటర్ వంతు, ఎందుకంటే దాని లావు వైరు సాధారణంగా ఫ్యూజు పెట్టెలోకి రాకుండా నేరుగా బ్యాటరీకి వెళుతుంది. మీటరు తీసి, బ్యాటరీ మైనస్ విడిగానే ఉంచి, బి ప్లస్ వైరు విప్పి దాని కొసకు టేపు చుట్టండి, పక్కనున్న చిన్న ప్లగ్గు కూడా తీయండి. మళ్లీ మీటరు పెట్టండి. అర ఆంపియర్ కాస్తా 0.03కు పడిపోయిందా? ఇంక వాదన లేదు, డయోడ్ లీకవుతోంది. మీటరు లేకుండా కూడా ఒక ఆనవాలు ఉంది. రాత్రంతా ఆగిన కారులో చల్లని పొద్దున, ఇంజన్ స్టార్ట్ చేయకముందే ఆల్టర్నేటర్ మీద అరచెయ్యి వేయండి. చుట్టుపక్కల ఇనుమంతా చల్లగా ఉండి అదొక్కటే గోరువెచ్చగా తగిలితే, రాత్రంతా బ్యాటరీ దాన్నే వేడి చేసిందని అర్థం. తాళం తీసేశాక కూడా ఎర్రదీపం మిణుకుమంటుంటే అదీ ఇదే కథ.

మీ లక్షణాలకు సంబంధం లేకపోయినా, తాళం తిప్పినప్పుడు ఎర్రదీపం అసలు వెలగని కార్లున్నవారి కోసం ఒక మాట. బల్బు మాడిపోయినా, ఆ చిన్న వైరు తెగినా, బ్రష్‌లు అరిగి రోటర్‌ను తాకకపోయినా అలా జరుగుతుంది. ఇంజన్ నడపకుండా తాళం మాత్రం ఆన్ చేసి, స్క్రూడ్రైవర్ మొనను ఆల్టర్నేటర్ వెనక బేరింగు ఉబ్బు దగ్గరికి తీసుకెళ్లండి. రోటర్‌కు కరెంటు అందుతుంటే షాఫ్టు అయస్కాంతమై, మొనను మెల్లగా తనవైపు లాక్కోవడం చేతికి తెలుస్తుంది. ఏ లాగుడూ లేకపోతే రోటర్ దాకా కరెంటు చేరడం లేదు. ఆ చిన్న వైరును ప్లగ్గులోంచి తీసి ఎర్త్‌కు తాకిస్తే దీపం వెలిగిందంటే బల్బూ వైరూ బాగున్నాయి, లోపం ఆల్టర్నేటర్ లోపల ఉంది.

డయోడే దోషి అని తేలితే వెంటనే పూర్తి ఆల్టర్నేటర్ కొనాలని లేదు. పాత కార్ల ఆల్టర్నేటర్లు చాలావరకు విప్పి బాగు చేయడానికి వీలుగా చేసినవి. డయోడ్ ప్లేటు, రెగ్యులేటర్‌తో కలిసిన బ్రష్‌లు, బేరింగులు విడిగా దొరుకుతాయి. మంచి ఆటో ఎలక్ట్రీషియన్ చేతిలో పెడితే, రోటర్, దాని చుట్టూ కదలకుండా ఉండే స్టేటర్ బాగున్నంతవరకు నాణ్యత తెలియని కొత్తదాని కంటే అదే నయమని నా అభిప్రాయం. విప్పినప్పుడు బ్రష్‌లు, బేరింగులు కూడా మార్పించండి, వాటి కోసం మళ్లీ విప్పడం దండగ. కొత్తదే వేస్తే పాత, కొత్త రెంటినీ పక్కపక్కన పెట్టి ప్లగ్గు పిన్నులు, పుల్లీ సైజు, ఆంపియర్లు సరిపోల్చండి. కొన్నింటికి బ్యాటరీ వోల్టేజీని గమనించే వైరు వేరే ఉంటుంది. అది కలపకుండా వదిలేస్తే కొన్ని రకాలు 15 దాటించేస్తాయి. ఏది చేసినా బిగించే ముందు బ్యాటరీని ఛార్జర్‌తో నింపండి. బిగించాక ఇవే కొలతలు మళ్లీ తీసుకోండి.

ప్రయాణం గురించి అడిగారు. బ్యాటరీ దగ్గర లోడుతో (లైట్లు, బ్లోయరు అన్నీ వేసి) 13.5 వస్తూ, లోపం రాత్రి లీకేజీ మాత్రమే అని తేలితే వెళ్లవచ్చు, రాత్రి ఆగిన చోట మైనస్ క్లాంపు విప్పి పెట్టుకోండి. లోడుతో 13 కూడా రాకపోతే బయలుదేరవద్దు. ఛార్జింగ్ దారిలో పూర్తిగా ఆగిపోతే బండి బ్యాటరీ మీదే నడవాలి. ఇగ్నిషన్, పెట్రోలు పంపు, ఇంజన్ కంప్యూటర్ కలిపి సుమారు 10 ఆంపియర్లు లాగుతాయి, హెడ్‌లైట్లు వేస్తే ఇంకో 10. 45 ఆంపియర్ అవర్ బ్యాటరీలో నమ్ముకోదగ్గది సగమే. పగలైతే రెండు గంటలు, రాత్రయితే గంట. ఒకవేళ దారిలో ఎర్రదీపం పూర్తి వెలుగుతో నిలిచిపోతే ముందు పక్కకు ఆపి బెల్టు ఉందో లేదో చూడండి. చాలా కార్లలో అదే బెల్టు నీళ్ల పంపును కూడా తిప్పుతుంది. బెల్టు తెగి ఉంటే ఇంజన్ నిమిషాల్లో వేడెక్కి పాడవుతుంది, కాబట్టి అక్కడి నుంచి కదలవద్దు. బెల్టు బాగుంటే బ్లోయరు, మ్యూజిక్ ఆపేసి, మధ్యలో ఇంజన్ ఆపకుండా, దగ్గర్లో బాగుచేయగల చోటు వరకు పోనివ్వండి.